పసికందుల వార్డులో వార్మర్‌ని

నా బతుకంతా ఒక అంకె చుట్టూ తిరుగుతుంది. 36.5. పసిబిడ్డ ఒంటి వేడి సెల్సియస్ లెక్కలో అంతకు తగ్గకుండా చూడటమే నా పని. తెలంగాణలో ఒక జిల్లా ఆసుపత్రి, అందులో జబ్బుపడ్డ నవజాత శిశువుల విభాగం. ఎస్‌ఎన్‌సీయూ అంటారు. అక్కడ వరసలో నిలబడి ఉన్న రేడియంట్ వార్మర్‌ని నేను. ఏ ఫ్యాక్టరీలో బిగించారో, ఏ లారీలో వచ్చానో చెప్పుకోదగ్గ సంగతులు కావు. తొలి బిడ్డను నా మీద పడుకోబెట్టిన రోజే నేను పుట్టాననుకుంటాను.

పైన వేడినిచ్చే కడ్డీ, కింద చిన్న పరుపు, చుట్టూ అద్దంలాంటి అడ్డుపలకలు. ఒక తీగ చివర సెన్సర్. సిస్టర్ దాన్ని బిడ్డ పొట్ట మీద కుడివైపు, కాలేయం ఉండే చోట అంటించి, పైన మెరిసే రేకు స్టిక్కరు వేస్తుంది. నా వేడి నేరుగా సెన్సర్‌కే తగిలితే లెక్క తప్పుతుంది, అందుకని ఆ రేకు. చర్మం చల్లబడితే కడ్డీ వేడి పెంచుతాను, వెచ్చబడితే తగ్గిస్తాను. పెద్దవాళ్లు చలికి వణుకుతారు, ఆ వణుకుతో ఒంట్లో వేడి పుడుతుంది. పసికందు అలా వణకలేదు. మెడ దగ్గర, భుజాల మధ్య ఉండే గోధుమరంగు కొవ్వును ఖర్చుచేసి వేడి పుట్టించుకుంటుంది. ఇన్‌ఫెక్షన్ పట్టిన బిడ్డకు ఆ శక్తీ చాలదు. జబ్బు చేస్తే ఒళ్లు కాలాలని అందరూ అనుకుంటారు. పసిబిడ్డల్లో చాలాసార్లు ఒళ్లు చల్లబడుతుంది. ఈ ఒక్క సంగతి ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉంటే, నా దగ్గరికి ఆలస్యంగా వచ్చే పిల్లలు ముందే వచ్చేవారు.

ఒక పాప గురించి చెబుతాను. నెలలు నిండి పుట్టింది, బరువూ బాగుంది. ఇంటికి వెళ్లాక, నాలుగో రోజున పాలు మానేసింది. ఏడుపు లేదు, జ్వరం లేదు, ఒకటే నిద్ర. "పసిపిల్ల గట్లనే పంటది, లేపకు" అన్నారట ఇంట్లో. తల్లి ఊరుకోలేదు. "రొమ్ము నోట్ల పెడితే గుంజుతలేదు మేడం, నిన్నటి లెక్క లేదు" అని డాక్టరమ్మకు చెప్పింది. సెన్సర్ అంటించగానే నా తెర మీద 35.2 పడింది. నిమిషానికి ఊపిరి లెక్కపెడితే 60 దాటింది. అరికాలు తట్టినా పాప సరిగా కదల్లేదు. కేసు షీటులో సెప్సిస్ అనుమానమని రాశారు. రక్తంలోకి సూక్ష్మజీవులు చేరితే ఇంత చిన్న ప్రాణానికి గంటల్లో పరిస్థితి తిరగబడుతుంది. అందుకే రుజువు కోసం ఆగరు. ముందు, సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే కల్చర్ సీసాలోకి ఒక మిల్లీలీటరు రక్తం తీశారు, చక్కెర చూశారు, సన్నని క్యాన్యులా పెట్టి ఆంపిసిలిన్, జెంటామైసిన్ మొదలుపెట్టారు.

వెన్నునీటి పరీక్షకు సంతకం అడిగినప్పుడు తండ్రి చేతులు వణికాయి. "నడుముల సూది గుచ్చితే కాళ్లు వడిపోతయంట గదా మేడం?" డాక్టరమ్మ అతన్ని కూర్చోబెట్టింది. వెన్నుపాము ముగిసిన చోటికి దిగువనే సూది వేస్తారని, మెదడు పొరలకు ఇన్‌ఫెక్షన్ పాకిందో లేదో తెలిస్తేనే మందు ఎన్నాళ్లు ఇవ్వాలో తేలుతుందని ఓపికగా చెప్పింది. వార్డంతా హడావిడిగా ఉన్న వేళ ఆమె ఆ పని చేసింది. అది కూడా వైద్యమేనంటాను.

కల్చర్‌లో ఏదైనా ఉంటే చాలావరకు రెండు రోజుల్లో బయటపడుతుంది. ఆ రెండు రోజులు ఇంట్లోవాళ్లు ఎలా గడుపుతారో నేను దగ్గర్నుంచి చూస్తాను. ఆ తల్లి పచ్చి బాలింత. కుట్లు ఆరలేదు, కాళ్లు వాచాయి. పాప తాగక రొమ్ములు గడ్డకట్టి సలుపుతున్నాయి. సిస్టర్ ఆమెకు చేత్తో పాలు పిండి గిన్నెలోకి తీయడం నేర్పింది. ఆ పాలు మొదట గొట్టం ద్వారా, పాప కాస్త తేరుకున్నాక ఉగ్గుగిన్నెతో పట్టారు. చేతికి ఒక పని దొరికాక ఆమె ముఖంలో మార్పు కనిపించింది. అంతవరకూ నా కూత, మానిటర్ కూత, సిరంజి పంపు కూత ఏది వినిపించినా ఉలిక్కిపడేది. సెన్సర్ ఊడినా నేను మోగుతానని, మోగిన ప్రతిసారీ ప్రాణం మీదికి వచ్చినట్టు కాదని ఎవరో చెప్పాలి కదా. సిస్టర్ చెప్పింది. ప్రతి వార్డులోనూ, తల్లి అడక్కముందే చెప్పాలి.

రాత్రివేళ ఆమె నా అడ్డుపలక పట్టుకుని "నేనేం జేసిన్నో బిడ్డా" అని ఏడ్చేది. చూడవచ్చిన బంధువుల్లో ఒకరు దిష్టి అన్నారు, ఒకరు ఆమె తిండిని తప్పుపట్టారు. ఆమె తప్పేమీ లేదు. ఉమ్మనీరు ముందే పోయి 18 గంటలు దాటినా, బొడ్డు దగ్గర మురికి చేరినా, కడగని చేతులతో ఎత్తుకున్నా సూక్ష్మజీవులకు దారి దొరుకుతుంది. ఒక్కోసారి ఏ దారిన వచ్చాయో తేలదు. చేతులు కడుక్కుంటే బాలింతల మరణాలు తగ్గుతాయని డాక్టర్ సెమ్మెల్‌వైస్ వియన్నాలో 1847లోనే చూపించాడు. మా వార్డు గుమ్మంలోని సింకును నా అంతటి యంత్రంగానే గౌరవిస్తాను.

ఒకప్పుడు ఇలాంటి వార్డుల్లో ఇన్‌ఫెక్షన్ భయంతో తల్లిని కూడా తలుపు అవతలే ఉంచేవారు. చేతులు కడిగించి, గౌను వేయించి, తల్లిదండ్రులను సేవలో భాగం చేయాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2017లో మార్గదర్శకాలు ఇచ్చింది. నా దృష్టిలో ఏ కొత్త యంత్రం కంటే ఇది పెద్ద మార్పు. తండ్రుల సంగతి ఇంకా ఎవరికీ పట్టడం లేదు. ఈ పాప తండ్రి వరండాలో తువ్వాల పరుచుకుని పడుకునేవాడు, పిలుపు వస్తే ఉలిక్కిపడి లేచేవాడు. ప్రభుత్వ ఆసుపత్రిలో జబ్బుపడ్డ నవజాత శిశువులకు వైద్యం, మందులు, పరీక్షలు ఉచితమని 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం ఉంది. అది తెలియక అప్పు కోసం ఊరికి ఫోన్లు చేశాడు. చేరిన రోజే ఆ మాట చెప్పి ఉంటే అతనికి ఆ బాధ తప్పేది.

రెండో రోజు గడిచాక నా కడ్డీకి పని తగ్గుతూ వచ్చింది. పాప ఒళ్లు తన వేడిని తనే నిలుపుకుంటోంది. వెన్నునీరు శుభ్రంగా ఉంది. కల్చర్‌లో ఏమీ పెరగలేదు. "మరి ఊకెనే సూదులేసిన్రా?" అన్నాడు తండ్రి. అంత కొద్ది రక్తంలో సూక్ష్మజీవి దొరక్కపోవచ్చు. పాపలో లక్షణాలున్నాయి, ఇన్‌ఫెక్షన్‌ను సూచించే సీఆర్‌పీ కూడా రక్తంలో పెరిగింది, కాబట్టి ఏడు రోజుల మందు పూర్తిచేశారు. లక్షణాలూ లేక, కల్చర్‌లోనూ ఏమీ రాకపోతే రెండు మూడు రోజులకే ఆపేస్తారు. అవసరం లేని యాంటీబయాటిక్‌ను ఆపడం కూడా బిడ్డకు మేలే.

తర్వాత పాపను నా మీంచి తీసి తల్లి రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం తగిలేలా పెట్టి గుడ్డ కట్టారు. వార్మర్లు, ఇంక్యుబేటర్లు చాలక కొలంబియాలో, బొగోటా నగరంలో 1978లో డాక్టర్ ఎడ్గర్ రే మొదలుపెట్టిన పద్ధతి ఇది. తల్లి గుండెల మీద పాప ఒంటి వేడి నిలకడగా ఉంది. జెంటామైసిన్ వాడారు కాబట్టి చెవి పరీక్ష చేయించాలని డిశ్చార్జి కాగితం మీద రాసి పంపారు.

నా మీద పడుకున్న అందరూ ఇలా వెళ్లలేదు. ఆలస్యంగా వచ్చి, నేను ఎంత వేడి ఇచ్చినా అందుకోలేకపోయిన పిల్లలూ ఉన్నారు. వాళ్లలో కొందరి తల్లులు ముందు రోజే ఇంట్లో చెప్పారు, పాలు తాగడం లేదని. ఎవరూ వినలేదు.

ఆ పాపను బతికించిన మొదటి పరీక్ష తల్లి చేసింది. 35.2 నేను చూపింది ఆ తర్వాతే. మీ ఇంట్లో నెలలోపు బిడ్డ పాలు మానేసినా, ఒళ్లు చల్లబడినా కాలినా, మత్తుగా పడి ఉన్నా, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీసినా, ఫిట్స్ వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. బిడ్డను తల్లి ఒంటికి ఆనించి గుడ్డ కప్పి తీసుకురండి. బాలింత "బిడ్డ నిన్నటిలా లేదు" అంటే ఆమె మాట నమ్మండి.