రౌటరు పద్యము – టీకా తాత్పర్య సహితము

ఆ. గుడ్డ కప్పి పెట్టె గూటిలో దాచిన
వేడి పోవు దారి వెదకు నెట్లు?
నెట్టు రాక రాత్రి నిట్టూర్చు గృహమెల్ల
గాలి తగుల నిమ్ము గాత్రమునకు.

సందర్భము: రోహిణి కార్తెలో కేబుల్ అబ్బాయి గృహస్థునితో పలికినది.

టీక: గుడ్డ = అత్తగారు క్రోషియాతో అల్లిన తెల్లగుడ్డ (తీయించుట సాహసము); పెట్టె = రౌటరును; గూటిలో = టీవీ కింది అరలో; ‘సెట్‌టాప్ బాక్సు మీద’ అని పాఠాంతరము, గణములు చెడినను లోకమున ఇదియే అధికము; గృహమెల్ల = సీరియల్ ఆగినవారు, మీటింగు తెగినవారు, ఆటలో చచ్చినవారు; గాత్రమునకు = రౌటరు ఒంటికి. ‘గృహస్థుని ఒంటికి’ అని చెప్పి ఏసీ కొనిపించిన వ్యాఖ్యాత కలడు. అది గ్రాహ్యము కాదు.

తాత్పర్యము: కప్పకుము.

విశేషములు: ఇంటి రౌటర్లలో చాలావాటికి ఫ్యాను ఉండదు. కింది రంధ్రముల చల్లగాలి దూరి, వేడెక్కి, పైరంధ్రముల పోవలెను. ఆ రంధ్రములను అందమునకని తలచి మూయువారే ఎక్కువ. 12 వోల్టుల, 1 ఆంపియర్ అడాప్టరు ఇచ్చునది గరిష్ఠముగా 12 వాట్లు. యాంటెన్నాల వెంట పోవునది అత్యల్పము, తక్కినదంతయు వేడియే. మితిమీరినచో చిప్పు తన్ను తాను కాచుకొనుటకు నెమ్మదించును, లేదా పెట్టె ఆగి మరల మొదలగును. నిట్టూర్పునకు ఒక మూలము ఇది.

పూర్వపక్షము: ‘చేయి పెట్టిన కాలుచున్నది, పేలునేమో!’ సమాధానము: వెచ్చదనము దాని స్వభావము. లోని చిప్పులు 100 డిగ్రీల దరిదాపు వరకు ఓర్చునట్లు చేసినవి. చాలా రౌటర్ల పత్రములలో కనబడు 0–40 డిగ్రీలు చుట్టూ ఉన్న గాలికి చెప్పినవి, పెట్టెకు కాదు. రామగుండంలో తలుపులు మూసిన మేడగదిలో మే నెల మధ్యాహ్నము ఆ హద్దు సులువుగా దాటును. దాటిన వెంటనే చెడదు గాని, లోని కెపాసిటర్ల ఆయువు పది డిగ్రీలు పెరిగిన సుమారు సగమగునని ఇంజనీర్ల లెక్క. తడిగుడ్డ, ఐసుముక్క వంటి ఉపచారములు నిషిద్ధములు. నీరు లోపల చేరిన కథ వేరు.

అడాప్టరు ఉబ్బినను, కమురు వాసన వచ్చినను పద్యముతో పనిలేదు. స్విచ్చి ఆపి, కేబుల్ అబ్బాయికి ఫోన్ చేయుడు.