అగో, లేచింది!

కోదాడ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా ఇలాంటి మామ ఒకాయన తగులుతాడు. కార్తీకమాసంలో చుట్టాలంతా తుఫాన్ బండి మాట్లాడుకుని బాపట్ల దగ్గరి సూర్యలంకకు సముద్రస్నానానికి పోతే, అందరూ నీళ్లలో దిగుతారు, ఈయన దిగడు. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, తలకు తువ్వాల చుట్టి, పిల్లల దుర్భిణిలో బూజు పట్టని వైపు ఒక కన్ను ఆనించి, తిమింగలం కోసం నిలబడతాడు. పులిహోర చేతికిస్తే చూపు తిప్పకుండానే తింటాడు, కరివేపాకు కూడా ఏరడు. ఉన్నట్టుండి "అగో, లేచింది!" అంటాడు. "మామా, అది పడవే" అంటే "పడవైతే మునిగి లేస్తదారా?" అని ఎదురడుగుతాడు. బండెడు జనం నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, తిమింగలాల్ని కనిపెట్టే విద్యలో ఈయనకు సాటి వచ్చేవాడు తెలుగునాట లేడు.

ఆ విద్యలో చూడటం తక్కువ, కాచుకోవడం ఎక్కువ. పెద్ద తిమింగలం ఊపిరి కోసం పైకొచ్చి, కొన్నిసార్లు చిమ్మి లోతుకు మునిగిందంటే పది, పదిహేను నిమిషాలు అయిపు ఉండదు. అంతసేపు ఖాళీ నీళ్లకేసి చూసే ఓపిక పట్నంవాడికి ఎక్కడిది? నాగార్జునసాగర్ ఎడమ కాలువ చివరి భూముల్లో మామ లాంటి రైతుకు మాత్రం అది నిత్యవ్యవహారం. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది మొదలు ఆయన పని ఎదురుచూడటమే. పొద్దున్నే పేపరు తెరిస్తే ముందు చూసేది డ్యాం నీటిమట్టం నిండుమట్టమైన 590 అడుగులకు ఎంత దూరంలో ఉందన్నది. గేట్లెత్తారని విన్నాక మేజరు కాలువ గట్టు మీద నిలబడి, ఇంకా రాని నీళ్ల గురించి, వచ్చిన నీళ్ల గురించి చెప్పినంత ధీమాగా చెబుతాడు. కాలువ కాసే లస్కర్ కాదన్నా వినడు.

సూర్యలంకలో తిమింగలాలెక్కడివని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయిదున్నర అడుగుల మనిషికి ఒడ్డు నుంచి కనిపించే సముద్రం నాలుగున్నర కిలోమీటర్లకు మించదు, పెద్ద తిమింగలాలు తిరిగేది ఎక్కువగా లోతు నీళ్లలో. అయితే బంగాళాఖాతంలో అవి లేవనడానికి మాత్రం లేదు: 2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా పాత మేఘవరం తీరానికి ఒకటి చచ్చి కొట్టుకొచ్చింది. మరి మామ చూశానన్నది అబద్ధమేగా అంటారా? పడవ సంగతి వదిలేయండి. మన తీరంలో డాల్ఫిన్లు కనిపించడం మామూలే. శాస్త్రం ప్రకారం అవీ తిమింగలాల వంశంలోవే, కాబట్టి "చిన్న సైజుది" అని ఆయన సర్దుకున్నప్పుడు నవ్వినవాళ్లే తప్పు.

అంత మోజుంటే శ్రీలంకలోని మిరిస్సాకు పోవచ్చుగా అన్నది చివరి అభ్యంతరం. అక్కడ లోతు సముద్రం ఒడ్డుకు దగ్గర, నీలి తిమింగలాలు చూపించడానికి పడవలున్నాయి. ఖర్చు అడ్డం కాదు, పొలం గట్టు తగాదాకు అంతకన్నా ఎక్కువే లాయర్లకు పోశాడు. చిక్కల్లా అక్కడి సీజన్ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా కావడమే. "సరిగ్గా యాసంగికి నీళ్లిడిసేటప్పుడేనా? నేను అటు పోతే ఇక్కడ తూము కాడ ఎవడు పండుకుంటడు?" అంటాడు మామ.