తెర మీద తప్పు రంగే పెట్టండి

కొత్తగా డిజైన్ నేర్చుకునే పిల్లలకు నేను చెప్పే మొదటి మాట వాళ్లకు నచ్చదు. కలర్ పికర్‌తో సరైన రంగు తీసి పెట్టకండి, తెలిసి తెలిసి తప్పు రంగు పెట్టండి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో మన చేతికొచ్చే పని చాలావరకు ఫ్లెక్సీలు, పెళ్లికార్డులు, చీరల డబ్బాలు. అవన్నీ అచ్చయి బజార్లో ఎండకు నిలబడాల్సినవి.

పికర్ అబద్ధం ఆడదు. బాణం ఎక్కడుంటే అక్కడి చుక్క నంబరు చెప్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 256 మెట్లు, అన్నీ కలిస్తే 1,67,77,216 రంగులు. కానీ అది వెలుతురు లెక్క. అచ్చు మిషన్‌లో ఉండేది సిరా: మామూలుగా సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. వెలుతురులో ఉన్న రంగులన్నీ సిరాకు అందవు.

ఒకసారి సిరిసిల్లలో ఒక చీరల దుకాణం ఓపెనింగ్‌కు ఫ్లెక్సీ చేశాను. వాట్సాప్‌లో వచ్చిన చీర ఫోటోలోంచి నెమలికంఠం నీలం పికర్‌తో తీసి వెనకంతా నింపాను. తెర మీద కళ్లు తిప్పుకోలేనంత బాగుంది. పొద్దున ఫ్లెక్సీ విప్పితే వంకాయ రంగు. ఓనరు లోపలికి పోయి అసలు చీర తెచ్చి దాని మీద పరిచాడు. ‘‘ఇది మా చీర గాదన్నా’’ అన్నాడు. ఇంకో మాట అనలేదు. ఆ చీర అంచు ఫ్లెక్సీ మీద ఎంత వేరుగా కనబడిందో ఇప్పటికీ మరిచిపోలేను.

నీలంలో మెజెంటా సయాన్‌కు దగ్గరగా వస్తే అచ్చులో ఊదాకు తిరుగుతుంది. అందుకే సయాన్ 100 పెడితే మెజెంటాను 70 దాటనివ్వకండి. నేను 60 దగ్గరే ఆపుతాను. తెర మీద అది వెలవెలబోయినట్టు ఉంటుంది. ఉండనివ్వండి, దిద్దకండి.

ఈ తెలివి మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. బతుకమ్మ పేర్చే ముందు గునుగుపూలను చిన్న చిన్న కట్టలు కట్టి, మొదళ్లు సమంగా కోసి, రంగునీళ్ల గిన్నెలో ముంచుతారు కదా. మా అమ్మ కట్టను పైకి తీసి, నీళ్లు కారుతుండగానే ఓసారి చూసి, మళ్లీ ముంచేది. తడి మీద గులాబీ కాస్తా కుంకుమలా ముదిరిపోయేది. చిన్నప్పుడు ‘‘ఎక్కువైందమ్మా’’ అంటే ‘‘ఆరనియ్యి’’ అనేది. ఆరినాక తేలిపోయి, తంగేడు పసుపు పక్కన సరిగ్గా కావలసిన గులాబీ వచ్చేది. తడి మీద తప్పు, పొడి మీద ఒప్పు. తెరను తడి గునుగు అనుకోండి.

మరి ఎంత తప్పు పెట్టాలి? దానికి ఒక ముక్క చేయించుకోండి. రెండడుగుల ఫ్లెక్సీ మీద నలభై గళ్లు వేసి, ఒక్కో గడిలో ఒక్కో రంగు, కింద దాని నాలుగు సిరాల నంబర్లు, మూలకు తేదీ. మీరు అచ్చు వేయించే మిషన్ మీదే కొట్టించండి. జగిత్యాల మిషన్ ముక్క కోరుట్ల మిషన్‌కు పనికిరాదు. సిరా మారిస్తే మళ్లీ కొట్టించాలి. ఆ ముక్కను మధ్యాహ్నపు వెలుతురులో చీర పక్కన పెట్టి, కలిసిన గడి కింది నంబర్లు చూసి టైపు చేయండి. ట్యూబ్‌లైట్ కింద మాత్రం ఈ పని వద్దు.

ఫోటోలోంచే తీయక తప్పకపోతే ఒక్క చుక్కను నమ్మకండి. సాంచా (మరమగ్గం) మీద నేసిన గుడ్డలో పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు అయితే పికర్‌కు దొరికేది ఒక్క పోగు రంగే. ఫోటోషాప్‌లో ఐడ్రాపర్ శాంపిల్ సైజును 5 బై 5 సగటుకో, ఇంకా పెద్దదానికో మార్చుకోండి. పికర్ పెట్టెలో చిన్న త్రికోణం హెచ్చరిక కనబడితే ఆ రంగు సిరాకు అందదని అర్థం. త్రికోణం నొక్కితే దగ్గరి రంగు ఇస్తుంది కానీ, నేనైతే అచ్చు వేయించుకున్న ఆ ముక్కనే చూస్తాను.

ఫోన్‌లో స్టేటస్ పెట్టుకునే బొమ్మలకు ఇదేమీ అక్కర్లేదు. అక్కడ పికర్ చెప్పిందే వేదం.

చివరగా, చాలామంది కోప్పడే సలహా: రంగు ఒప్పించడానికి గిరాకీకి తెర చూపించకండి. మానిటర్‌ను గోడవైపు తిప్పండి. అక్షరాలు, పేర్లు చదువుకోవడానికి నలుపు తెలుపు ప్రింటు ఇవ్వండి. రంగు అడిగితే ముక్కను చేతికిచ్చి, ఎండలోకి తీసుకుపోయి చూడమనండి.