బార్బెరా రైతుకు ఉచిత సలహాలు

అందని ద్రాక్ష పుల్లన అన్నది పాతకాలపు నక్క. ఈనాటి నక్కకు చవకగా అందే ద్రాక్షే పులుపు. ఇటలీ వాయవ్యాన పీడ్‌మాంట్ కొండల్లో నాలుగైదు ఎకరాల బార్బెరా ద్రాక్షతోట సాకుతూ, తాత కట్టించిన సిమెంటు తొట్టెల్లో రసం పులియబెట్టి, సీసా ఎనిమిది యూరోలకు అమ్ముకుంటున్న పెద్దాయనా! మీ మీద మోపిన నేరం ఇదే. మీ రెడ్ వైన్ బాగాలేదని తాగినవాళ్లెవరూ అనలేదు. ధర చూసినవాళ్లు మాత్రం మొహం చిట్లించారు. మీ మేలు కోరి నాలుగు ముక్కలు చెబుతాను, వినండి.

ముందు పీపా మార్చండి. మీ నాన్నగారి నాటి వేల లీటర్ల ఓక్ పీపాకి వయసు మీరింది, రసానికి చెక్క వాసన అంటించే ఓపిక దానికి లేదు. ద్రాక్షసారాయి ద్రాక్ష వాసనే వేస్తే ఇక గొప్పేముంది? ఫ్రాన్సు నుంచి 225 లీటర్ల కొత్త పీపా తెప్పించండి. దాన్ని బరీక్ అంటారు. తొమ్మిది వందల యూరోలు పోసి కొన్నారనుకుందాం. అందులోంచి 300 సీసాలొస్తాయి, అంటే సీసాకి పడే ఖర్చు మూడు యూరోలు. అలాగని ధర కూడా మూడే పెంచారో, పరువు పోతుంది. ముప్పై పెంచండి. జకోమో బొలోన్యా అనే ఆయన 1982 పంటను బరీక్‌లో పెట్టి 'బ్రిక్కో డెల్ ఉచ్చెల్లోనె' పేరుతో అమ్మాకే కదా, పనివాళ్ల తాగుడని బార్బెరాను తీసిపారేసిన పెద్దమనుషులు గ్లాసులు పట్టుకుని వరసలో నిలబడ్డారు! ఆయన చేతిలో పనితనం ఉంది. ఆయన్ని చూసి పీపాలు కొన్న చాలామంది చేతిలో మిగిలింది రసీదు.

తర్వాత సీసా. ఖాళీ సీసా అరకిలో తూగితే సరిపోతుంది. మీరు కిలో బరువుది చూడండి. వంచేసరికి మణికట్టు నొప్పెడితే, పోసింది ఘనమైన సరుకేనని ఎవరికైనా నమ్మకం కుదురుతుంది.

ఆపైన మార్కులు. అమెరికా విమర్శకుడు రాబర్ట్ పార్కర్ పెట్టిన నూరు మార్కుల పద్ధతిలో ఏ వైన్‌కైనా మొదటే 50 పడతాయి. ఇంత దయగల పరీక్షను మా ఎంట్రన్స్ పరీక్షల పిల్లలు కలలోనైనా చూసి ఉండరు. అయినా 89 వచ్చినవాడు 90 రాలేదని కుమిలిపోతాడు. వర్ణన కూడా ముఖ్యమే. తారు, ఎండు గులాబీ, పెన్సిల్ ముల్లు, గుర్రపు జీను లాంటివి రాయించండి. "చెర్రీ పండు రుచి, కాస్త పులుపు, భోజనంలోకి బాగుంటుంది" అని ఉన్నదున్నట్టు చెప్పారో, మిమ్మల్ని ఆ దేవుడు కూడా కాపాడలేడు.

"మాది తాతలనాటి పద్ధతి కదా, దానికి విలువ లేదా?" అంటారా? ఉంది, కాకపోతే ముందు దాన్ని ఖరీదు చెయ్యాలి. 1983లో మీ పక్కనే, లా మోర్రాలో, ఎలియో అల్తారె అనే రైతు తన తండ్రిగారి పాత పీపాలను రంపం మిషనుతో కోసి పారేశాడు. తండ్రి అతనికి ఆస్తి లేకుండా చేశాడు. లోకం మాత్రం ఆధునికుడని చప్పట్లు కొట్టింది. బరోలో ఊళ్లో బార్తొలో మస్కరెల్లో అనే ఆయన పాత పీపాలనే పట్టుకుని కూర్చుని, "బరీక్ వద్దు, బెర్లుస్కోనీ వద్దు" అని, ఆ రాజకీయ నాయకుణ్ణి కూడా కలిపి, సీసా చీటీ మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. అప్పట్లో ఆయన చాదస్తుడు. ఇప్పుడు ఆయన ఇంటి బరోలో వైన్ కావాలంటే వందల యూరోలు వదిలించుకోవాలి, చాదస్తం కాస్తా వారసత్వ సంపద అయింది. అదే పాత పద్ధతి మీ దగ్గర ఎనిమిది యూరోలకు దొరుకుతోంది కాబట్టి వెనకబాటుతనం.

చవక అంటే భయం ఊరికే రాలేదనేవాళ్లూ ఉన్నారు. నిజమే. 1986లో మిథనాల్ కలిపిన చవక వైన్ తాగి ఇటలీలో 20 మందికి పైగా చచ్చిపోయారు, కొందరికి కళ్లు పోయాయి. ఆ పాపం టోకు సరుకులో విషం కలిపి ఊళ్ల మీదికి తోలిన వ్యాపారులది. మచ్చ పడింది మాత్రం బార్బెరా పేరు మీద, తన తోట కాయ తనే పిండుకునే మీలాంటి వాళ్ల మీద. ఎవరి తోటదో, ఎవరు చేశారో అడిగి కొనాలని జనం నేర్చుకోవాల్సింది. ఖరీదైనదైతే చాలని నేర్చుకున్నారు.

ఇవేవీ మీ వల్ల కాకపోతే సరుకు మా దేశానికి పంపండి. విదేశీ వైన్ మీద ఏళ్ల తరబడి 150 శాతం కస్టమ్స్ సుంకం వేసిన ఘనత మాది. దాని మీద రాష్ట్రం పన్ను, దాని మీద స్టార్ హోటల్ లాభం. మీ పొలం గట్టు మీద రొట్టె, సలామీతో తాగే వైన్ హైదరాబాదులో దిగేసరికి దొరబాబు అయిపోతుంది. రేటు చూడగానే మావాళ్లకు అందులో గుర్రపు జీను కూడా తగులుతుంది.

అదీ కుదరదంటే తీగలు పీకేసి హేజల్‌నట్ చెట్లు వేసుకోండి. మీ ఇరుగుపొరుగు చాలామంది ఆ పనిలోనే ఉన్నారు. హేజల్‌నట్లతో నుటెల్లా చేసే ఫెర్రెరో కంపెనీ పుట్టింది మీ ఆల్బాలోనే. ఆ డబ్బాకు నూటికి మార్కులేసేవాడు లేడు, తారు వాసన వెతికేవాడు లేడు. పిల్లలు రొట్టెకు రాసుకుని తింటారు, బాగుంటే ఇంకొంచెం అడుగుతారు. మీ కొండల్లో నాలుకకు ఇంకా ఓటు హక్కు మిగిలింది ఆ ఒక్క సరుకు విషయంలోనే.