తవ్వేది గుంత, తేలేది ఎముక

అమావాస్య దగ్గరపడితే మైలవరం టీకొట్టులో గొంతులు తగ్గుతాయి. కొండపల్లి కోటలో రెడ్డిరాజుల బంగారం ఫలానా గోడ కిందే ఉందట! ‘మోసగాళ్లకు మోసగాడు’ (1971)లో కృష్ణ నిధి కోసం గుర్రమెక్కాడు. మనవాళ్లకు గునపం, నిమ్మకాయలు, నల్లకోడి, ఓ స్వామి ఉంటే చాలు.

వీళ్లను మాత్రం ఏమనగలం? 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో సాక్షాత్తూ సర్కారే అనుమతిచ్చి, అధికారులను నిలబెట్టి మరీ తవ్వించింది. బయటపడినవి ఎముకలు, ఇటుకలు!

అసలు తమాషా 1878 నాటి నిధుల చట్టంలో ఉంది. భూమిలో దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పి తీరాలి. ఇప్పుడు ఆ పదికి టీ వస్తే గొప్ప. స్వామివారి దక్షిణ మాత్రం వేలల్లో, ముందుగానే, నగదుగా... ఏ కలెక్టరుకూ చెప్పనక్కర్లేదు!