పిండు చేతుల పాండిత్యము

మన గృహములయందు బిడ్డ పుట్టిన పదినాళ్లకెల్ల ఒక పరీక్షాధికారిణి స్నానపుపీట నధిష్ఠించును. చాపిన కాళ్లపై శిశువును పరుండబెట్టుకొని, ఒడలెల్ల నూనె మర్దించి, ముక్కు సాగదీసి, తల గుండ్రన చేసి, బ్రహ్మదేవుడు తొందరలో విడిచిన లోపములన్నింటిని సవరించు ఆ పెద్దమ్మ, తుదకు బిడ్డ రొమ్ములు పిండి, తెల్లని చుక్క కనబడగానే "చూచితిరా, చెడుపాలు!" అని విజయఘోష చేయును. పిండనిచో ఆడపిల్లకు చనుమొనలు సరిగా రావట! మఱి మగబిడ్డను పిండుటేలయన్న ప్రశ్నకు బదులు లేదు; సమదృష్టి కాబోలు.

ఆ పాలలో చెడుగేమియు లేదు. గర్భమందు తల్లినుండి సంక్రమించిన ఈస్ట్రోజన్ చేత ఉబ్బిన రొమ్ము, పుట్టిన పిమ్మట ఆ హార్మోను తగ్గగానే, బిడ్డ ప్రొలాక్టిన్ ప్రేరణమున కొంత స్రవించి, కొన్ని వారములలో తనంతట అణగిపోవును. ఐరోపావారు పూర్వము దీనిని మంత్రగత్తె పాలనిరి. మన పెద్దమ్మ మంత్రగత్తెకు శ్రమ లేకుండ తానే పిండుచున్నది. పిండినకొలది స్రావము నిలిచిపోదు సరికదా, గోటిగాటున స్టెఫిలోకాకస్ క్రిమి చొరబడి, రొమ్ము ఎఱ్ఱబడి, కాగి, చీము పట్టి, జ్వరముతో బిడ్డ పాలు మానినచో, వైద్యునియొద్దకు పరుగెత్తక తప్పదు. రొమ్ముమొగ్గయే చెడిన ఆడపిల్లకు యౌవనమున ఆ రొమ్ము ఎదుగకయు పోవచ్చును. చనుమొనలు చక్కబడుట కిది మార్గమట!

ఇంతటి పరీక్షాదక్షురాలు, ఏబది యేండ్లు దాటిన పిదప తన రవికకు ఒక ప్రక్కనే, పిండకుండగనే, నెత్తుటి మరక తగిలినపుడు మాత్రము, సబ్బుతో నుదికి చీర చాటున ఆరవేయును. ఒక రొమ్మునుండి, ఒకే రంధ్రమునుండి, తనంతట నెత్తురుగానో నీటివలె తేటగానో స్రవించుటయు, తోడుగా గడ్డ తగులుటయు, పురుషునికైనచో ఏ రంగు స్రావమైనను, వైద్యునికి వెంటనే చూపవలసిన సంగతులు. పెక్కుసార్లు అది పాలనాళములోని పాపిలోమాయను అపాయములేని చిన్న కంతియే కావచ్చును. ఆ మాట చెప్పవలసినది మామోగ్రామును, అల్ట్రాసౌండును, అవసరమైన బయాప్సీయు గాని, సబ్బుబిళ్ల కాదు. చంటిబిడ్డ లేని స్త్రీకి ఇరుప్రక్కల పాలు వచ్చుట వేఱు కథ: వాంతులకై మ్రింగిన డోంపెరిడోనో, థైరాయిడ్ లోపమో, పిట్యూటరీ గ్రంథిలోని కంతియో కారణము కావచ్చును, ఒక రక్తపరీక్షతో చాలవఱకు తేలును.

ఆ నెత్తుటి మరక మాట కోడలెత్తినచో, పెద్దమ్మ "ఆడవారి గుట్టు వీధిలో పెట్టుదురటే?" అని కసరి, నూనెగిన్నె చేతబట్టి, ప్రక్కింటి మగశిశువును పిండ బయలుదేరును.