ప్రయోగం సారు

నల్లగొండలో ఏ కాలేజీ స్టాఫ్ రూముకు పోయినా ఈ రకం సారు ఒకరు కనిపిస్తారు. ఎవరైనా బొమ్మ గీస్తే ఆయనకు వ్యాసం పుట్టుకొస్తుంది. మామూలు వ్యాసం కాదు, ప్రయోగ వ్యాసం. అందులో ఫుల్‌స్టాపులుండవు. పేరాలు వెనక నుంచి ముందుకు నడుస్తాయి. మూడో పేజీ ఖాళీగా ఉంటుంది. ఎందుకు ఖాళీ అని అడిగిన పాపానికి ఒక పీరియడంతా పోతుంది.

ఆ మధ్య ఆయన కళ్లు డ్రాయింగ్ సారు మీద పడ్డాయి. ఈయన పగలంతా పిల్లలకు పునాదులు, లింటెళ్లు, సన్‌షేడ్లు గీయడం నేర్పుతాడు. సెలవు రోజుల్లో పానగల్ వెళ్లి, ఏ మున్సిపాలిటీ పర్మిషన్ ఇవ్వని కట్టడాలు గీసుకుంటాడు.

పానగల్‌లో అలాంటి బుద్ధి పుట్టడం వింతేం కాదు. కందూరు చోడుల నాటి ఛాయా సోమేశ్వరాలయంలో ఒకే మండపానికి మూడు గర్భగుళ్లు. ఒకదాంట్లో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దంతా నిలబడే ఉంటుంది. సూర్యుడు జరుగుతాడు గానీ అది జరగదు. లోపలికి నేరుగా ఎండ పడదని, పక్కల నుంచి చెదిరి వచ్చే వెలుతురుకు స్తంభాలు అడ్డు నిలిచే తీరులోనే కిటుకంతా ఉందని ఫిజిక్స్ తెలిసినవాళ్లు చెబుతారు. అది చూసి మన డ్రాయింగ్ సారు గీసింది గుడి కాదు, బస్టాపు. నీడ కదలని బస్టాపు! ఏప్రిల్ ఎండల్లో నీడ జరిగినప్పుడల్లా సంచులు జరుపుకొనే ముసలవ్వలు ఆయన మనసులో ఉన్నారు.

ప్రయోగం సారు ఆ బొమ్మ మీద 'నీడ లేనితనంలో నీడ' అని మొదలుపెట్టాడు. ముసలవ్వలు ఎక్కడా రాలేదు. పిరనేసీ వచ్చాడు. పద్దెనిమిదో శతాబ్దంలో ఊహల జైళ్లు చెక్కిన ఇటలీ పెద్దమనిషి ఆయన. న్యూటన్‌కు 150 మీటర్ల గోళాకారపు సమాధిని 1784లో కాగితం మీదే కట్టిన ఫ్రాన్స్ బులే వెనకే వచ్చాడు.

రెండో బొమ్మ ఇంకా గట్టిది. ఉదయసముద్రం చెరువు కాళ్ల మీద లేచి నడుస్తోంది. వ్యాసంలోకి వెంటనే రాన్ హెరన్ దిగాడు, 1964లో కాళ్లున్న నగరాన్ని గీసిన ఇంగ్లండ్ ఆర్కిటెక్టు.

"మీ చెరువుకున్నవి కాళ్లు కావు సార్, ప్రశ్నలు."

"కాదు సార్, ఇనుప పైపులు. పన్నెండు ఇంచులవి."

ఈ జవాబు వ్యాసంలో చేరలేదు. వ్యాసానికి అడ్డొచ్చే సంగతులను ఆయన చాలా మర్యాదగా వదిలేస్తాడు. ఈ రకం సార్లందరిలో నేను చూసిన గొప్ప గుణం అదే.

బొమ్మ అర్థమైంది ఒక్క చాయ్ హోటలాయనకు. గ్లాసులు పక్కకు జరిపి, తడి చేతులు తువ్వాలకు తుడుచుకొని వంగి చూశాడు.

"మన చెరువే గద సార్ ఇది? యాడికి పోతున్నది, మర్రిగూడ దిక్కా?"

"ఔ."

"ఫ్లోరైడ్ ఊర్లకన్నట్టు. మంచిగున్నది. మరి నడుమ గుట్టలొస్తయి గద, ఎట్ల ఎక్కుతది?"

డ్రాయింగ్ సారు ముఖం వెలిగిపోయింది. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే పెట్టుకుంది. అదే నల్లగొండ జిల్లాలో బొక్కలు వంగిపోయి మంచం పట్టినవాళ్లున్నారు. ఆ చెరువు లేచింది అందుకే. రబ్బరు తీసి ముందు కాళ్లు చెరిపి పొట్టివి చేశాడు, వెనక కాళ్లకు మోకాలి దగ్గర మడత పెట్టాడు. పక్క బెంచీ మీద ప్రయోగం సారు మాత్రం తలెత్తకుండా రాసుకుంటూనే ఉన్నాడు. ఆయన అప్పటికి శూన్యం దగ్గరున్నాడు.

కాలేజీ మ్యాగజైన్‌లో వ్యాసం పద్నాలుగు పేజీలు వచ్చింది, ఖాళీ పేజీతో సహా. డ్రాయింగ్ సారు ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు రెండుసార్లు తిరగేశాడు.

"సార్, బొమ్మ ఏది?"

"జాగ సరిపోలేదు సార్," అన్నాడు ప్రయోగం సారు, ఏమాత్రం తడుముకోకుండా. "మూడో పేజీ చూడండి. అక్కడే ఉన్నట్టు అనుకోవాలె."